మడ్డి దగ్గర మొదలుపెడదాం: విశాఖ రిఫైనరీ గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

గ్రంథాలయం వారు నన్ను పిలిచినప్పుడు "రిఫైనరీ గురించి నాలుగు మాటలు చెప్పండి, అందరికీ అర్థమయ్యేలా" అన్నారు. ముప్ఫై ఏళ్లు కెమికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పినవాడికి ఈ షరతులో రెండో సగమే కష్టం. అందుకే ఈ బల్ల మీద ఐదు సీసాలు పెట్టాను. రెండో సీసా ఖాళీగా ఉంది. నింపడం మరచిపోలేదు. అందులో నాఫ్తా ఉండాలి, అంటే పెట్రోలుకు ముడిసరుకు. సభ మొదట్లో జ్యోతి వెలిగిస్తారని తెలుసు. దీపం పక్కన నాఫ్తా సీసా పెట్టేంత ధైర్యం నాకు లేదు. అది ఉందనే అనుకోండి.

మిగిలినవి వరసగా ముడి చమురు, కిరసనాయిలు, డీజిలు, మడ్డి. పొట్లంలో ఉన్న పసుపు ముక్క గంధకం, దాని సంగతి తర్వాత. కిరసనాయిలు అన్నాను కదా, తెలంగాణ మిత్రులు దీన్నే గ్యాసు నూనె అంటారు. మా అమ్మమ్మ అయితే ఏ మాటా వాడేది కాదు, "లాంతరులో పోసేది" అనేది. ఇప్పుడు లాంతర్లూ లేవు, ఈ సీసా కోసం నేను ఎంత తిరిగానో నాకే తెలుసు.

సాధారణంగా రిఫైనరీ గురించి మాట్లాడేవాళ్లు పెట్రోలు దగ్గర మొదలుపెడతారు. నేను చివరి సీసా దగ్గర, మడ్డి దగ్గర మొదలుపెడతాను. మన విశాఖ రిఫైనరీ కథ అంతా దాని చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

ఈ సీసాను వంచుతున్నాను, చూడండి. కదలడం లేదు. వేడి చేస్తే తప్ప జారదు. ఇప్పుడు ముడి చమురు సీసా వంచుతాను. ఇది కదులుతుంది కానీ గాజుకు గోధుమ రంగు పొర అంటుకుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నదే రిఫైనరీ. ముడి చమురులోని ఉప్పును ముందు కడిగేస్తారు. తర్వాత కొలిమిలో సుమారు 360 డిగ్రీల దాకా కాచి ఒక పొడవాటి కాలమ్‌లోకి పంపుతారు. తేలికైనవి ఆవిరై పైకి వెళతాయి, ఎక్కడ చల్లబడితే అక్కడ ద్రవమై పళ్లాల్లో నిలుస్తాయి. అన్నిటికంటే పైన వంటగ్యాసు, నాఫ్తా, ఆ కింద కిరసనాయిలు, ఇంకా కింద డీజిలు. సారా బట్టీ ఎలా పనిచేస్తుందో తెలిసినవారికి ఇది కొత్తేమీ కాదు. తెలిసినవారు చేతులెత్తనక్కర్లేదు.

అంత వేడికీ లొంగనిది అడుగున మిగిలిపోతుంది. చెరకు ఆడితే పిప్పి వచ్చినట్టే కదా అంటారేమో. పిప్పిని పొయ్యిలో పెట్టవచ్చు, పోయినా పెద్ద బాధ లేదు. ఇక్కడ బరువైన ముడి చమురు తీసుకుంటే దాదాపు సగం అడుగునే ఉండిపోతుంది. డబ్బు పెట్టి, ఓడలో తెచ్చి, కాచిన సరుకులో సగం. ఇంకా వేడి పెంచుదామంటే మాడి బొగ్గవుతుంది. అందుకని రెండో కాలమ్‌లో గాలి తీసేసి, ఒత్తిడి తగ్గించి మరిగిస్తారు. కొండ మీద నీళ్లు తొందరగా మరుగుతాయే, అదే సూత్రం. అక్కడ కూడా లొంగని మడ్డితో ఏం చేయాలన్నదే ప్రతి రిఫైనరీ ముందూ ఉండే ప్రశ్న. కొంత రోడ్డు మీద తారవుతుంది. కొంత ఫర్నేస్ ఆయిల్ పేరుతో బాయిలర్లకూ ఓడలకూ పోయేది. "పోయేది" అని భూతకాలంలో అన్నది ఊరికే కాదు, ఆ సంగతికి వస్తాను.

ముందు కొంచెం చరిత్ర. 1951లో ఇరాన్ తన చమురు పరిశ్రమను జాతీయం చేసింది. అబాదాన్‌లోని పెద్ద రిఫైనరీ మూతపడింది. శుద్ధి చేసిన నూనెల కోసం విదేశాల మీద ఆధారపడిన మన దేశానికి అది గట్టి దెబ్బ. ఆ పరిస్థితుల్లోనే కేంద్ర ప్రభుత్వం మూడు విదేశీ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. స్టాన్‌వాక్, బర్మా షెల్ బొంబాయిలో కట్టాయి. కాల్టెక్స్ మన దగ్గరికి వచ్చింది. 1957లో ఇక్కడ ఉత్పత్తి మొదలైంది. తూర్పు తీరంలో మొదటి రిఫైనరీ మనదే. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఓడరేవు 1933 నుంచే ఉంది, రైలు ఉంది. బొంబాయిలో రెండు కట్టాక మూడోది తూర్పున కావాలి కదా.

అప్పటి సామర్థ్యం ఏటా 6.75 లక్షల టన్నులు. కాల్టెక్స్‌ను ప్రభుత్వం తీసుకుని 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపింది. పేరు మారి ఇన్నేళ్లయినా మల్కాపురం వైపు పాతవాళ్ల నోట ఇంకా కాల్టెక్సే. 1985లో 45 లక్షల టన్నులు, 1999లో 75 లక్షలు, తర్వాత 83 లక్షలు, ఇటీవలి ఆధునికీకరణతో కోటిన్నర. మొదలుపెట్టినప్పటికి ఇరవై రెండు రెట్లు.

కోటిన్నర టన్నులంటే మనసుకు పట్టదు. రోజువారీగా చూద్దాం. రోజుకు దాదాపు 41 వేల టన్నులు. ఇరవై వేల లీటర్ల ట్యాంకర్ లారీల్లో నింపితే రోజుకు సుమారు 2,400 లారీలు. ఇరవై లక్షల బ్యారెళ్లు మోసే మహా నౌక ఒకటి వారం తిరగకుండా ఖాళీ అయిపోతుంది. అంత పెద్ద ఓడ లోపలి రేవులోకి రాలేదు. సముద్రంలోనే ఒక తేలే బోయాకు కట్టేస్తారు, గొట్టాల ద్వారా చమురు ఒడ్డుకు వస్తుంది. బీచ్‌లో కూర్చుని దూరంగా కదలని ఓడలను లెక్కపెట్టే పిల్లలు కొన్నిసార్లు వాటినే లెక్కపెడుతున్నారు.

ఇప్పుడు గంధకం. పూర్వం చమురు తవ్వేవాళ్లు ముడి చమురును నాలుక మీద వేసుకుని చూసేవారట. గంధకం తక్కువైతే తీపి చమురు, ఎక్కువైతే పులుపు చమురు. ఆ పేర్లు ఇప్పటికీ వ్యాపారంలో ఉన్నాయి, నాలుక పరీక్ష లేదు. పులుపుది చవక. ఆ చవక ఊరికే రాదు. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 వచ్చింది. పెట్రోలులో, డీజిలులో గంధకం పది లక్షల భాగాల్లో పది భాగాలకు మించకూడదు. అంతకుముందు యాభై ఉండేది. హైడ్రోజన్ పంపి ఆ గంధకాన్ని విడదీస్తారు. విడదీసింది చివరికి ఇలా పసుపు ముక్కై మిగులుతుంది. ఎరువుల కర్మాగారాల్లో గంధకామ్లం తయారీకి ఇదే ముడిసరుకు. చివరికి పొలానికి చేరుతుంది. డీజిలు పొగలో ఊపిరితిత్తుల్లోకి వెళ్లాల్సింది ఎరువుగా వెళుతోందంటే, రిఫైనరీ చేసిన మంచి పనుల్లో దీన్ని పైన పెడతాను.

అదే 2020 జనవరిలో ఓడలకూ నిబంధన మారింది. ఓడ ఇంధనంలో గంధకం అంతకుముందు మూడున్నర శాతం దాకా ఉండవచ్చు, ఇక అర శాతమే అన్నారు. మడ్డికి ఉన్న పెద్ద గిరాకీ ఒక్క నిబంధనతో దెబ్బతింది. "పోయేది" అన్నది అందుకే. ఇక మిగిలిన దారి మడ్డిని విరగ్గొట్టడమే.

విశాఖ ఆధునికీకరణలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించినది అదే. ఏటా 35.5 లక్షల టన్నుల మడ్డిని డీజిలు వంటి విలువైన సరుకుగా మార్చడానికి ఒక యూనిట్ కట్టారు. దాని కోసం మూడు రియాక్టర్లు. ఒక్కొక్కటి రెండు వేల టన్నులకు పైగా బరువు. అంత బరువు ఎందుకంటే లోపల తీవ్రమైన ఒత్తిడిలో, నాలుగు వందల డిగ్రీలు దాటిన వేడిలో హైడ్రోజన్ ఉంటుంది. హైడ్రోజన్ మామూలు ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. గోడ మందంగా ఉండాలి, ఉక్కు ప్రత్యేకంగా ఉండాలి, అతుకులు ఒక్కొక్కటీ పరీక్షించి ఉండాలి. లోపల మడ్డి, హైడ్రోజన్, రసాయన చర్యను వేగిరపరిచే ఉత్ప్రేరకం గింజలు కలిసి కుతకుతలాడుతుంటాయి. నూనె పైకి ప్రవహించే ఊపుకు ఆ గింజలు ఒకచోట కూర్చోకుండా తేలుతూ ఉంటాయి. అరిగిపోయిన గింజలను యూనిట్ ఆపకుండానే బయటికి తీసి కొత్తవి వేస్తారు. తిరుగలి తిరుగుతుండగానే పిడికెడు గింజలు వేసే ఇల్లాలి నేర్పు లాంటిదే. ఈ చేత్తో సీసా వంచితే కదలని పదార్థం అక్కడ రెండోసారి డీజిలవుతోంది.

సరే, తయారైనవి ఎక్కడికి పోతున్నాయి? వంటగ్యాసు బండలు కనబడతాయి, డీజిలు లారీలు కనబడతాయి. మన కళ్లబడనిది గొట్టం. విశాఖ నుంచి రాజమహేంద్రవరం, విజయవాడ, సూర్యాపేట మీదుగా సికింద్రాబాద్ దాకా 572 కిలోమీటర్లు. ఒకే గొట్టంలో పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు ఒకదాని వెనక ఒకటి వెళతాయి. మధ్యలో అడ్డుతెర ఏమీ ఉండదు. మనిషి వడివడిగా నడిచే వేగంతో, నాలుగైదు రోజుల ప్రయాణం. మరి కలిసిపోవా అని మా విద్యార్థులు ఏటా అడిగేవారు. సరిహద్దు దగ్గర కొంత కలుస్తుంది. అవతలి స్టేషన్లో సాంద్రత కొలిచే పరికరం ముందు మనిషి కూర్చుని ఉంటాడు. పెట్రోలు 0.74 దగ్గర ఉంటుంది, డీజిలు 0.83 దగ్గర. అంకె కదలడం మొదలవగానే వాల్వు తిప్పి ఆ కలిసిన భాగాన్ని వేరే ట్యాంకులోకి పంపుతాడు. అంకె మళ్లీ నిలకడగా నిలిచాక అసలు ట్యాంకుకు మారుస్తాడు. హైదరాబాద్‌లో మోటారు సైకిలు మొదటి తన్నుకే స్టార్టయిందంటే ఆ అంకెను చూసిన కళ్లకూ అందులో వాటా ఉంది.

గొట్టంతో పాటు ఇంకొకటి కూడా వెళుతోంది, పన్ను. పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు. వాటి మీద వ్యాట్ ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ రాష్ట్రానిది. ఎక్కడ శుద్ధి చేశారన్నదానితో సంబంధం లేదు. సికింద్రాబాద్‌లో దిగిన డీజిలు మీద వ్యాట్ తెలంగాణకు, రాయపూర్‌కు వెళ్లినదాని మీద ఛత్తీస్‌గఢ్‌కు. ఇది అన్యాయమని నేను అనడం లేదు. కొనేవాడు కట్టే పన్ను కొనేవాడి ఊరికి పోవడం సహజమే. కానీ "మా జిల్లాకు రిఫైనరీ వస్తే పెట్రోలు పన్నంతా మాకే" అని కొందరు నాయకులు సభల్లో చెబుతుంటారు, అది నిజం కాదు. వచ్చేవి ఉద్యోగాలు, కాంట్రాక్టు పనులు, రేవుకు సుంకం, చుట్టూ పెరిగే వర్క్‌షాపులు. వాటితో పాటు ప్రమాదం.

1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారు. ఓడ నుంచి వంటగ్యాసును గోళాకారపు ట్యాంకుల్లోకి పంపుతున్నారు. గొట్టం లీకైంది. ఈ గ్యాసు గాలి కంటే బరువు, పైకి పోదు. పొగమంచులా నేల మీద పాకుతుంది. పాకుతూ పాకుతూ ఎక్కడో నిప్పు తగిలింది. మంటల్లో కాగిన గోళాలు పేలాయి. సుమారు అరవై మంది చనిపోయారు. నగరం నుంచి జనం కట్టుబట్టలతో బయటికి నడిచారు. ఈ హాల్లో ఉన్న పెద్దల్లో కొందరికి ఆ రోజు నా కంటే బాగా గుర్తుండవచ్చు. 2013 ఆగస్టు 23న కూలింగ్ టవర్ దగ్గర మంటల్లో ఇరవై మందికి పైగా పోయారు. కూలింగ్ టవర్ అంటే నీళ్లు చల్లబరిచే చోటు. అక్కడ నిప్పేమిటి అనుకుంటాం. నీళ్లలోకి నూనె ఆవిర్లు చేరితే అదీ పేలుతుంది.

రిఫైనరీ వచ్చినప్పుడు చుట్టూ ఇంత ఊరు లేదు. తర్వాత ఊరు దాని గోడ దాకా వచ్చింది, అది తన సామర్థ్యాన్ని ఊరి గోడ దాకా పెంచుకుంది. తప్పు ఎవరిది అంటే నేను ప్రణాళికా శాఖల వైపే వేలు చూపిస్తాను. బతుకుతెరువు ఉన్నచోట ఇల్లు కట్టుకున్న మనిషి వైపు చూపించను.

ఒక మంచి మార్పు చెప్పాలి. 2007లో ఇక్కడే కొండరాతిలో, భూమికి 196 మీటర్ల లోతున, 60 వేల టన్నుల వంటగ్యాసు నిలవ చేసే గుహ మొదలైంది. ఇనుప గోళం లేదు, లోపల లోహపు తొడుగు కూడా లేదు. రాతి పగుళ్లలో భూగర్భ జలం ఉంటుంది. ఆ నీటి ఒత్తిడి లోపలి గ్యాసు ఒత్తిడి కంటే ఎక్కువ. కాబట్టి నీరు లోపలికి ఊరుతుందే కానీ గ్యాసు బయటికి రాదు. ఊరిన నీటిని తోడేస్తారు. ముడి చమురుకూ ఇలాంటివే ఉన్నాయి. దేశపు వ్యూహాత్మక నిల్వల్లో భాగంగా 13.3 లక్షల టన్నుల గుహలు 2015 నుంచి విశాఖలో ఉన్నాయి. మన కాళ్ల కింద అంత నూనె ఉందని రోడ్డు మీద పోయే ఎవరికీ తోచదు.

కోనసీమ గురించి ఒక్క మాట చెప్పకపోతే అక్కడి మిత్రులు ఊరుకోరు. తాటిపాకలో ఓఎన్‌జీసీ వారి చిన్న రిఫైనరీ 2001 నుంచి ఉంది. ఏటా 66 వేల టన్నులు, విశాఖకు రెండు రోజుల తిండి కూడా కాదు. కానీ దాని ముడి చమురు మన నేలలోదే. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి 65 రోజులు మండిందన్నది కూడా ఆ నేల చరిత్రే.

ఇక రామాయపట్నం. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్స్ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. ఆరు నెలల గడువు కూడా పెట్టారు. పదేళ్లు గడిచాక భారత్ పెట్రోలియం రామాయపట్నం వైపు అడుగులు వేసింది. అక్కడి వాళ్లు నన్ను అడిగితే మూడే చెబుతాను. గోడకూ ఇళ్లకూ మధ్య ఖాళీని కాగితం మీద కాకుండా నేల మీద కొలిపించుకోండి. ఆ ఖాళీని తర్వాత ఎవరికీ అమ్మనివ్వకండి. మడ్డిని ఏం చేస్తారో మొదటి రోజే అడగండి.

నా సమయం అయిపోయిందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. గంధకం ముక్క పట్టుకుని చూడాలనుకునే పిల్లలు ముందుకు రావచ్చు, తర్వాత చేతులు కడుక్కోండి. కిరసనాయిలు సీసా మాత్రం నాకు తిరిగి ఇచ్చేయాలి, ఇంకొకటి దొరకదు.