పక్కన ఇంకో వయొలిన్ ఉంటే

అందరికీ నమస్కారం. పల్లెటూళ్లో వయొలిన్ నేర్చుకునేవాళ్లకి పైకి కనపడని కష్టం ఒకటుంటుంది. ఏడాదంతా ఒక్కళ్లే వాయించుకోవాలి. టీచరు వారానికోసారి వస్తే గొప్ప, మిగతా ఆరు రోజులూ గదిలో మనమూ మన తీగలూ అంతే, స్వరం కాస్త పక్కకి జరిగినా చెవి దానికే అలవాటు పడిపోతుంది, పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకో వాద్యం ఉండదు కాబట్టి. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా కలిసి నడుపుకునే ఆర్కెస్ట్రాకి వేసవి శిబిరం కావాలి అని నేను గట్టిగా అడిగేది ఇందుకే.

మొదటి రోజు పొద్దున శ్రుతి దగ్గరే మొదలుపెట్టాలి. ముందు వరసలో ఉన్న వయొలిన్ మీద పాశ్చాత్య సంగీతంలో 'ఎ' అని పిలిచే స్వరం పట్టి ఉంచుతారు, అంటే సెకనుకి 440 కంపనాలు, మిగతావాళ్లంతా తమ తీగని దానికి కలుపుతారు. ఇంట్లో అయితే ఫోనులో ట్యూనర్ చూసి, ముల్లు మధ్యలోకి రాగానే సరే అనుకుంటాం కదా, ఇక్కడ ఆ ఫోన్లు సంచుల్లో పెట్టించాలి. రెండు తీగలు దగ్గరికొచ్చి ఇంకా పూర్తిగా కలవనప్పుడు శబ్దం అలలా ఊగుతుంది. ఒకటి 440, ఇంకోటి 442 అయితే సెకనుకి రెండు ఊపులు. మెల్లగా సరిచేస్తుంటే ఆ ఊపు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోతుంది. అది ఆగడం చెవితో పట్టుకున్న పిల్ల ఇంటికెళ్లాక ఒక్కతే వాయించుకున్నా తప్పు తనే వింటుంది. దీనికి ఒక పూట పట్టినా నాకు నష్టంగా అనిపించదు.

పదేళ్లుగా వాయిస్తున్నవాళ్లూ, మూడు నెలల కిందట కమాను పట్టినవాళ్లూ ఒకే చోట చేరతారు. కొత్తవాళ్లని వేరే గదికి పంపేయడం తేలిక, కానీ దయచేసి పంపకండి. వయొలిన్ తీగలు జి, డి, ఎ, ఇ. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలాకీ, కూర్చుని మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించే చెల్లోకీ సి, జి, డి, ఎ. అన్నిటికంటే పెద్దదైన డబుల్ బాస్‌కి ఇ, ఎ, డి, జి. చూడండి, జి, డి, ఎ నాలుగింటిలోనూ ఉన్నాయి. డి మేజర్‌లో, అంటే డి ఆధారంగా నడిచే మేజర్ స్కేలులో ఉన్న పాట ఎంచుకుంటే అందులో ముఖ్యమైన మూడు కార్డ్‌లకీ (ఒకేసారి పలికే స్వరాల గుంపులకి) మూలస్వరాలు సరిగ్గా ఈ మూడే! అంటే తీగ మీద వేలు పెట్టడం కూడా ఇంకా సరిగ్గా రాని పిల్లాడు, కమాను లాగడం మాత్రమే వచ్చినవాడు, మొత్తం పాటకి అడుగున నిలబడగలడు. వాడి కోసం ఆ భాగం ఎవరో ఒకరు ముందే కూర్చుని రాసిపెట్టాలి, అంతే.

వయోలా వాయించేవాళ్లు చాలాసార్లు దొరకరు. వయొలిన్ వాళ్లలో ఒకరిద్దరిని అడిగి చూడండి, వయోలాలో పై మూడు తీగలూ వాళ్లకి తెలిసినవే, అడుగున ఉన్న సి ఒక్కటే కొత్త. నొటేషన్ చదవడమే వేరుగా ఉంటుంది, గీతల మీద ఏ స్వరం ఎక్కడో చెప్పే గుర్తు వయోలాకి ఆల్టో క్లెఫ్, అందులో మధ్య గీత మీద సి, అది అలవాటు కావడానికి కొంచెం టైం పడుతుంది.

ఎండ సంగతి మర్చిపోకండి. వయొలిన్ పలకల్ని అతికించేది జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో, వేడికీ తేమకీ అది మెత్తబడుతుంది, కాబట్టి భోజనానికి వెళ్తూ వాద్యాన్ని కారులో వదిలెయ్యొద్దు. గాలి పొడిగా ఉంటే బిరడాలు జారతాయి, తేమ ఎక్కువైతే బిగుసుకుపోతాయి, రెండూ మామూలే, పిల్లల్ని కోప్పడకండి. చెల్లో వాళ్లకి చేతుల్లేని కుర్చీలు వెయ్యండి.

ఒక్క మాట వాద్యం రానివాళ్లకి. పిల్లల వయొలిన్లు సగం, ముప్పావు సైజుల్లో వస్తాయి, రెండేళ్లు తిరిగేసరికి చిన్నవైపోతాయి. మీ ఇంట్లో అటక మీద అలాంటిది ఉంటే దించి, తీగలు మార్పించి శిబిరానికి ఇవ్వండి. అది లేకపోతే వెనక సీట్లు మడిచే బండి ఉన్నా చాలు. డబుల్ బాస్ మనిషి కంటే పొడుగుంటుంది, బస్సు ఎక్కించడం కష్టం, అది రాలేదంటే కింది స్వరం మొత్తం ఖాళీ. పొద్దున ఒకసారి తెచ్చి దింపండి, సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకెళ్లండి.