ఓడిన మ్యాచ్‌కు మార్కులు

(నెల్లూరులో వేసవి బాస్కెట్‌బాల్ శిక్షణ శిబిరంలో వ్యాయామ ఉపాధ్యాయులు, సీనియర్ ఆటగాళ్లు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద పెద్దలకు, కావలి, ఆత్మకూరు, సింగరాయకొండ, ఒంగోలు నుంచి ఇంత ఎండలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, నా తోటి పీఈటీలకు నమస్కారం.

నన్ను డిఫెన్స్ గురించి మాట్లాడమన్నారు. నిర్వాహకుల అనుమతితో నేను వేరే విషయం తీసుకున్నాను. మ్యాచ్ ఓడిపోయాక ఒక్కొక్క ఆటగాడికి మార్కులు ఎలా వేయాలన్నది ఆ విషయం. డిఫెన్స్ నేర్పడానికి ఇక్కడ నాకంటే మంచివాళ్లు నలుగురున్నారు. ఓడిన సాయంత్రం పిల్లవాడితో ఏం మాట్లాడాలో మాత్రం మాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. దెబ్బలు తిని నేర్చుకున్నాం. ఆ దెబ్బలు మాకంటే పిల్లలకే ఎక్కువ తగిలాయి.

అమెరికాలో ఎన్‌బీఏ (అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ అయిన మర్నాడు, పత్రికలవాళ్లు ఒక్కో ఆటగాడి పేరు పక్కన మన ప్రోగ్రెస్ కార్డులో లాగా ఏ, బీ, సీ, డీ అని గ్రేడ్లు వేసి, పక్కన రెండు వాక్యాలు రాస్తారు. గెలిచిన రోజు ఆ గ్రేడ్లు ఎవరికీ గుర్తుండవు. ఓడిన రోజు అభిమానులు ముందు వెతికేది వాటినే. ఎవరి వల్ల ఓడిపోయాం? ఆ ఒక్క పేరు కావాలి. మన దగ్గర క్రికెట్ ఓడిన మర్నాడు వీఆర్‌సీ సెంటర్‌లో టీ తాగుతూ మనం చేసేదీ అదే.

ఒక మ్యాచ్ తీసుకుని చూద్దాం. 2016 జూన్ 19న ఓక్లాండ్‌లో ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్ జరిగింది. మనకు జూన్ 20, సోమవారం తెల్లవారుజామున మొదలైంది. నేను స్కూలుకు వెళ్లాల్సిన టైమ్ దగ్గర పడుతున్నా టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆ సీజన్‌లో 82 మ్యాచ్‌లకు 73 గెలిచింది. ఎన్‌బీఏలో అంతకుముందు ఎవరూ అన్ని గెలవలేదు. ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో 3–1 ఆధిక్యంలో ఉండి, తర్వాత వరసగా మూడు మ్యాచ్‌లూ పోగొట్టుకుంది. చివరి మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ చేతిలో 93–89 తేడాతో ఓడింది. నాలుగంటే నాలుగు పాయింట్లు.

ఇప్పుడు వారియర్స్‌కు మార్కులు వేద్దాం.

డ్రేమండ్ గ్రీన్‌తో మొదలుపెడదాం. 32 పాయింట్లు, 15 రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం), 9 అసిస్టులు (బుట్ట పడేలా ఇచ్చిన పాస్‌లు). 15 షాట్లు వేస్తే 11 పడ్డాయి. త్రీలు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, 8 వేస్తే 6 పడ్డాయి. అతను షూటర్ కాడు, డిఫెన్స్ ఆటగాడు. అలాంటివాడు ఆ రాత్రి ఇంత ఆడాడు. 'ఏ' గ్రేడే, ఆలోచించక్కర్లేదు. కానీ అదే ఫైనల్స్‌లో, ఫ్లాగ్రెంట్ (మోటు) ఫౌళ్ల లెక్క దాటిపోయి సస్పెండై, అయిదో మ్యాచ్ ఆడలేకపోయిందీ ఇతనే. ఆ మ్యాచ్ నుంచే టీము జారడం మొదలైంది. అందుకని నా మాట ఏమిటంటే, మార్కులు వేసే ముందు ఏ పరీక్షకు వేస్తున్నామో తేల్చుకోవాలి. ఆ రాత్రికి 'ఏ'. సిరీస్ మొత్తానికైతే నేను 'ఏ' ఇవ్వను. రెండింటినీ కలిపేస్తే పిల్లవాడికి తాను ఎక్కడ బాగా ఆడాడో, ఎక్కడ తప్పాడో రెండూ తెలియకుండా పోతాయి.

ఇక స్టెఫెన్ కర్రీ. ఆ సీజన్‌లో 402 త్రీలు కొట్టాడు. ఓటు వేసిన ప్రతి ఒక్కరూ అతనికే వేయగా ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. ఆ రాత్రి 19 షాట్లకు 6. త్రీలు 14కు 4. మొత్తం 17 పాయింట్లు, 4 టర్నోవర్లు (బంతిని అవతలి టీముకు పోగొట్టుకోవడం). పక్కనే క్లే థాంప్సన్ త్రీలు 10కి 2. ఇద్దరూ కలిసి 24 త్రీలు వేస్తే 18 తప్పాయి. మ్యాచ్ పోయింది 4 పాయింట్లతో.

ఇక్కడ చాలామంది కలం తీసి డీ రాసేస్తారు. నేను ఆగుతాను. ఆ 18లో చాలా భాగం వాళ్లు ఏడాదంతా వేసిన షాట్లే. వాటిని వేసే 73 మ్యాచ్‌లు గెలిచారు. మంచి షాట్ వేసి తప్పినవాడికి మార్కులు కోస్తే, తర్వాతి మ్యాచ్‌లో వాడు షాట్ వేయడం మానేస్తాడు. ఖాళీగా నిలబడి కూడా బంతి పక్కవాడికి ఇచ్చేస్తాడు. ఇది మన కోర్టుల్లో వందసార్లు చూశాను. షాట్ తప్పడం వేరు, తప్పు షాట్ వేయడం వేరు. మార్కు తగ్గించాల్సింది రెండోదానికే.

మరి కర్రీకి నేను మార్కు ఎక్కడ తగ్గిస్తాను? చివరి క్వార్టర్‌లో, అయిదు నిమిషాలు మిగిలి ఉండగా, థాంప్సన్‌కు వీపు వెనకనుంచి ఒక పాస్ వేశాడు. బంతి నేరుగా బయటికి పోయింది. మామూలుగా రెండు చేతులతో ఛాతీ దగ్గర నుంచి నెడితే చాలిన పాస్ అది. అది నిర్ణయంలో తప్పు. దానికి తగ్గిస్తాను. మొత్తం మీద సీ ఇస్తాను. అతని స్థాయికి అది తక్కువే. కానీ డీ కాదు.

ఆండ్రే ఇగుడాలా సంగతి దీనికి సరిగ్గా ఎదురు. స్కోరు 89–89. రెండు నిమిషాల లోపే మిగిలి ఉంది. రీబౌండ్ పట్టి, కర్రీకిచ్చి, మళ్లీ అందుకుని, రింగ్ దాకా పరుగెత్తి లే అప్‌కు లేచాడు. ఒక డిఫెండర్ అడ్డొస్తే గాల్లోనే తప్పించుకున్నాడు. వెనకనుంచి క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కోర్టంతా పరుగెత్తుకుంటూ వచ్చి, బంతిని బోర్డుకు అదిమేశాడు. బాస్కెట్‌బాల్ చూసేవాళ్లందరికీ గుర్తున్న బ్లాక్ అది. ఇగుడాలా ఎక్కడ తప్పు చేశాడు? నాకు కనపడలేదు. రీబౌండ్ సరి, పాస్ సరి, పరుగు సరి, లే అప్ కూడా సరే. అవతలివాడు అంతకంటే గొప్ప పని చేశాడు. ఎదుటివాడి గొప్పతనాన్ని మన పిల్లవాడి ఖాతాలో తప్పుగా రాయకూడదు. నేనైతే ఆ ఒక్క ఆటకు ఇగుడాలాకు పూర్తి మార్కులు వేస్తాను.

ఫెస్టస్ ఎజీలీ దగ్గరికి వస్తే నాకు బాధగా ఉంటుంది. ఆండ్రూ బోగట్ మోకాలి దెబ్బతో తప్పుకోవడంతో అతన్ని సెంటర్‌గా (రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడిగా) దించారు. ఒక్క పాయింట్ కూడా చేయలేదు. చివరి క్వార్టర్‌లో వారియర్స్ నాలుగు పాయింట్లు ముందున్నప్పుడు లెబ్రాన్ ఎదురుగా చిక్కుకున్నాడు. లెబ్రాన్ త్రీ వేయబోతుండగా ఫౌల్ చేశాడు, మూడు ఫ్రీ త్రోలూ పడ్డాయి. కాసేపటికే మళ్లీ అతని ఎదుటే లెబ్రాన్ త్రీ కొట్టాడు. ఆరు పాయింట్లు. మ్యాచ్ మలుపు తిరిగింది అక్కడే. స్కోరు షీటు చూస్తే ఎజీలీకి ఎఫ్. కానీ బరువైన సెంటర్‌ను, దెబ్బల నుంచి పూర్తిగా తేరుకోని మనిషిని, ఆ సమయంలో లెబ్రాన్ ఎదుట నిలబడాల్సిన పరిస్థితిలో ఉంచింది ఎవరు? ఆ రోజు వారియర్స్‌ను నడిపిన స్టీవ్ కెర్ గొప్ప కోచ్. అందులో అనుమానం లేదు. ఆ మార్కు మాత్రం సగం ఆయన పేరు పక్కన రాయాలి.

క్లీవ్‌లాండ్ వైపు కెవిన్ లవ్‌ను చూడండి. 9 పాయింట్లే. పేపర్లో చదివితే మామూలు ఆట. కానీ అతను కోర్టులో ఉన్నంతసేపట్లో అతని టీము అవతలి టీముకంటే 19 పాయింట్లు ఎక్కువ చేసింది. దీన్నే ప్లస్ మైనస్ అంటారు. 14 రీబౌండ్లు పట్టాడు. చివరి నిమిషంలో కర్రీ ఎదుట కాళ్లు కదుపుతూ నిలబడి త్రీ తప్పించాడు. స్కోరు షీటులో ఆ కాళ్లకు గడి లేదు.

ఓడినవాడికి పై మార్కు వేయడానికి లోకం ఒప్పుకోదని మీరనుకోవచ్చు. ఒకసారి ఒప్పుకుంది. 1969లో ఫైనల్స్ ఎంవీపీ అవార్డు మొదటిసారి ఇచ్చారు. ఏడో మ్యాచ్‌లో లేకర్స్ 108–106తో బోస్టన్ చేతిలో ఓడింది. అవార్డు మాత్రం ఓడిన లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్‌కు ఇచ్చారు. ఆ మ్యాచ్‌లో ఆయన 42 పాయింట్లు చేశాడు. ఆ తర్వాత ఓడిన టీము మనిషికి ఆ అవార్డు మళ్లీ రాలేదు.

ఇప్పుడు నా సొంత విషయం చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ విషయం ఎంచుకున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒంగోలులో ఒక టోర్నమెంటు. మా బాలికల టీము ఫైనల్‌కు వచ్చింది. మూడు పాయింట్లతో ఓడిపోయాం. ఆఖరి నిమిషంలో మా అమ్మాయికి రెండు ఫ్రీ త్రోలు వస్తే రెండూ తప్పాయి. బస్సులో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నెల్లూరు చేరగానే, ఆ కోపం చల్లారకముందే, పన్నెండు మందికీ గ్రేడ్లు వేసి నోటీసు బోర్డు మీద అంటించాను. ఆ అమ్మాయికి డీ. టీములో డీ వచ్చింది ఆమె ఒక్కదానికే.

మూడో రోజు నుంచి ప్రాక్టీసుకు రాలేదు. వారం చూసి మూలాపేటలో వాళ్ల ఇంటికి వెళ్లాను. అమ్మాయి లోపలి గదిలోంచి బయటికి రాలేదు. అరుగు మీద వాళ్ల అవ్వ చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి కూర్చోమని చెప్పి, తలెత్తకుండానే అడిగింది: "అయ్యోరా, మా పాపకు నువ్వు డీ ఇచ్చినావంట. డీ అంటే ఏంది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. డీ అంటే ఏమిటో నాకు నిజంగా తెలియదు. రెండు ఫ్రీ త్రోలు తప్పాయని తప్ప.

ఆ రాత్రి స్కోరు షీటు తీసి మొదటినుంచీ చదివాను. రన్నింగ్ స్కోరులో ప్రతి పాయింటు పక్కనా జెర్సీ నంబరు ఉంటుంది కదా. అవతలి టీములో అందరికంటే బాగా ఆడే అమ్మాయిని కాపలా కాసింది మా అమ్మాయే. మా అమ్మాయి నాలుగు ఫౌళ్లతో బెంచీ మీద కూర్చున్న కాసేపట్లోనే అవతలి అమ్మాయి 8 పాయింట్లు కొట్టింది. మా అమ్మాయి కోర్టులో ఉన్న మిగతా మ్యాచ్ అంతా కలిపి 6. ఇక ఆ ఫ్రీ త్రోలు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనపడతాయి. రెండు బంతులూ రింగ్ ముందు అంచుకే తగిలాయి. చేతిలో తప్పుంటే బంతి కుడికో ఎడమకో పోతుంది. కాళ్లలో సత్తువ లేకపోతే ముందు అంచుకు తగులుతుంది. ఆ పొద్దున సెమీఫైనల్‌లో 40 నిమిషాలూ ఆమెను ఒక్కసారి కూడా మార్చకుండా ఆడించింది నేను. ఆ డీ నాది. మర్నాడే బోర్డు మీద కాగితం చింపేశాను. ఆమె మళ్లీ కోర్టుకు రాలేదు.

మన ఊళ్లో, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి భారతం తెలిసిన ఊళ్లో, ఈ కథ కొత్తది కాదు. ఉద్యోగ పర్వంలో యుద్ధానికి ముందు దుర్యోధనుడు అడిగితే భీష్ముడు వీరులందరికీ లెక్క కడతాడు. వీడు రథుడు, వీడు అతిరథుడు అంటూ వచ్చి, కర్ణుడి దగ్గర ఆగి నిండు సభలో అర్ధరథుడు అంటాడు. ద్రోణుడూ అవునంటాడు. కర్ణుడు మండిపడి, నువ్వు ఉన్నంతవరకు నేను యుద్ధం చేయనని శపథం పట్టాడు. భీష్ముడు పడేదాకా పదిరోజులు కౌరవ సేనలో కర్ణుడు లేడు. భీష్ముడి లెక్కకు ఆయన కారణాలు ఆయనకున్నాయి. కవచకుండలాలు పోయాయి, గురువు శాపం ఉంది. కారణాలు నిజమైనా, చెప్పిన చోటు, చెప్పిన తీరు ఒక సేనకు పదిరోజులు తన పెద్ద విలుకాణ్ని లేకుండా చేశాయి. నేను ఒక నోటీసు కాగితంతో అదే పని చేశాను.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఓడిన రాత్రి మార్కుల ఊసెత్తను. అన్నం తినండి, పడుకోండి అంటాను, అంతే. మర్నాడు సాయంత్రం, గాలి చల్లబడ్డాక కోర్టు మీద గుండ్రంగా కూర్చుంటాం. గ్రేడు కాగితం ఎవరిది వాళ్లకే ఇస్తాను, గోడకు అంటించను. అక్షరం పక్కన కచ్చితంగా ఒక సంఘటన రాస్తాను: మూడో క్వార్టర్‌లో ఫలానా పాస్, ఫలానా బాక్స్ అవుట్ (రీబౌండ్ కోసం అవతలివాణ్ని అడ్డుకుని నిలబడడం) అని. సంఘటన చూపించలేని మార్కును కొట్టేస్తాను. "మనసు పెట్టి ఆడలేదు" అన్న మాట నా కాగితాల్లో ఉండదు. మనసు నాకు కనపడదు, కాళ్లు కనపడతాయి. స్క్రీన్ పెట్టినవాళ్లు (తోటివాడికి దారి దొరికేలా డిఫెండర్‌కు అడ్డు నిలిచినవాళ్లు), డిఫెన్స్‌లో అరిచి పక్కవాణ్ని హెచ్చరించినవాళ్లు, బెంచీ మీద నుంచి లేచి నీళ్లు అందించినవాళ్లు ఎవరో ఒక పిల్లవాడికి నోట్‌బుక్ ఇచ్చి రాయిస్తాను. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఇంటికి వెళ్లే దారిలో బండి మీద మీరు మార్కులు వేయకండి. వెనక సీట్లో కూర్చున్న పిల్లవాడికి దిగి పారిపోయే దారి ఉండదు.

అన్నిటికంటే ముందు ఇంకొకటి. మార్కుల షీటులో మొదటి వరస కోచ్‌ది. టైమ్ అవుట్ ఎప్పుడు తీసుకున్నాను, ఎవర్ని ఎక్కువసేపు ఆడించాను, ఎవర్ని మర్చిపోయాను అన్నవాటికి పిల్లలే మార్కులు వేస్తారు. మొదట్లో భయపడ్డారు, అందరూ 'ఏ' వేశారు. రెండో నెలకు నిజం చెప్పడం మొదలుపెట్టారు.

పోయిన ఆదివారం మేము ఏడు పాయింట్లతో ఓడిపోయాం. ఆ మ్యాచ్ మార్కుల షీటు జెరాక్సులు తెచ్చాను, వెనకనుంచి ఒక్కొక్కటి తీసుకుని ముందుకు పంపండి. ఆడిన పిల్లలు ఇక్కడే మూడో వరసలో ఉన్నారు, పెన్సిళ్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. పైన మొదటి గడిలో నా పేరుంది. రెండో క్వార్టర్‌లో నేను తీసుకోని టైమ్ అవుట్ దగ్గర నుంచి మొదలుపెడదాం.