దూబగుంట ఆడవాళ్ళ రూపాయి

నమస్తే అండీ. మొన్న ఒక పెళ్ళి భోజనాల దగ్గర మాకు బాబాయి వరసయ్యే ఆయన ఒక మాటన్నారు. "ఆడపిల్లను అంత చదివిస్తే ఏమొస్తుందిరా? ఉద్యోగం చేసినా జీతం అత్తారింటికేగా!" పప్పు వడ్డిస్తున్న పిల్ల విననట్టే పక్క విస్తరి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు అప్పుడు జవాబు తట్టలేదు. ఇంటికొచ్చే దారిలో తట్టింది, మామూలే కదా. ఆ జవాబే ఈ వీడియో.

ఆయన లెక్కంతా డిగ్రీ, ఉద్యోగం, జీతం. నేను చెప్పబోయే ఆడవాళ్ళకు ఈ మూడూ లేవు.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట అనే పల్లె. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. ఆ ఏడాదే నెల్లూరులో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి పని, సాయంత్రం వంట, పిల్లలకు తిండి, అవన్నీ అయ్యాక పలక పట్టుకుని రాత్రి బడికి.

ఆ రోజుల్లో పల్లెల్లో తాగునీళ్ళు దొరకని చోట కూడా సారా ప్యాకెట్ దొరికేది. 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సరఫరా చేసేది. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజ్ ఆదాయం, అంటే మద్యం మీద సర్కారుకొచ్చే డబ్బు, 1991-92 నాటికి 812 కోట్లు దాటింది. ఆ కోట్లలో మగవాళ్ళ కూలితో పాటు, ఆడవాళ్ళ కొంగుముడి విప్పించి పట్టుకెళ్ళిన కూలి కూడా ఉంది.

రాత్రి బడి వాచకంలో సారా మీద ఒక పాఠం ఉండేది. అది చదివి దూబగుంట ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఏం జరిగిందో వాళ్ళే చెప్పుకున్నారు. ముందు కల్లు బండిని ఆపారు. కల్లు పారబోయమన్నారు. నష్టం వస్తుందని బండివాడు గింజుకుంటే, తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తాం, పొమ్మన్నారు! నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైంది ఆ రూపాయే. కోపంలో కూడా లెక్క తప్పలేదు చూడండి. మర్నాడు సారా ప్యాకెట్ల జీపు వస్తే దాన్ని చుట్టుముట్టారు, తగలబెడతామన్నారు. ఊళ్ళో సారా కొట్టు మూతపడింది. ఈ పోరాటంలో ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ అప్పట్నుంచి అందరికీ దూబగుంట రోశమ్మే.

అసలు విశేషం ఇక్కడుంది. ఈ కథనే 'ఆడవాళ్ళు ఏకమైతే' అని పాఠంగా అచ్చువేసి మిగతా ఊళ్ళ రాత్రి బళ్ళకు పంపారు. గుణింతాలు కూడబలుక్కుంటూ చదివే మనిషి ఆ పాఠంలో తనలాంటి కూలిమనిషినే చూసింది. ఎవరో మైకు పట్టుకుని చెబితే వినడం వేరు, తన వేలితో అక్షరాల వెంట పోతూ తనే తెలుసుకోవడం వేరు.

వాచకం ఒక్కటే ఇదంతా చేసిందని నేననను. ఇంట్లో దెబ్బలు, ఖాళీ కుండలు ముందునుంచీ ఉన్నవే. కానీ అంతకుముందు నీళ్ళ పంపు దగ్గరో, చావింట్లోనో తప్ప ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చునే అవకాశం ఏది? నన్నడిగితే అక్షరాల కన్నా ఆ కూర్చోవడమే పెద్ద చదువు.

1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. సారా అమ్మే హక్కు కోసం సర్కారు పెట్టే వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. ఖజానాకు ఆ డబ్బు కావాలి మరి.

అయితే రూపాయి మాత్రం ఆగలేదు. సారా మానిపించిన ఊళ్ళలోనే 'పొదుపులక్ష్మి' మొదలైంది. మనిషికి రోజుకు ఒక రూపాయి. డ్వాక్రా సంఘాలు, బ్యాంకు లింకేజీ అని ఇప్పుడు మనం మాట్లాడుకునే వాటికి ఆ రూపాయి గట్టి పునాది.

మా పెద్దమ్మ అలాంటి సంఘంలోనే ఉండేది. పేపరు చదవమంటే ఇప్పటికీ అద్దాలు వెతుకుతుంది గానీ, అంకెలంటే మాత్రం పాస్‌బుక్కు మీద వేలు పెట్టి వరసగా దిగుతుంది. ఒకసారి పుస్తకం రాసే అమ్మాయి వడ్డీ రెండుసార్లు కలిపేసింది. మీటింగులో పదిమందీ సంతకాలు పెట్టేశారు. పెద్దమ్మ పెట్టలేదు. "ఆగమ్మాయ్, ఈ నలభై రూపాయలు పోయిన నెల కట్టేశాను" అంది. మళ్ళీ కూడారు. ఆవిడదే కరెక్టు.

ఆ నలభై రూపాయలు ఏం చేశావని అడిగితే, "మీ అక్క పరీక్ష ఫీజులో కలిపా" అంది.