మిద్దె మీద పడే నీళ్లు
(దర్శి ప్రాంత మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడ్డ పెద్దలకు నమస్కారం.

పర్యావరణానికి మేలు చేసే ఇల్లు ఎలా ఉండాలో చెప్పమన్నారు. గుడ్డ సంచి, ఎల్‌ఈడీ బల్బు, తడి చెత్త పొడి చెత్త... ఇవన్నీ మీకు తెలిసినవే. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా గేదె కుడితిలో కలిపే ఇళ్లు మనవి. అందుకని ఈ పూట తాగే నీళ్ల గురించే మాట్లాడతాను. దర్శి, పొదిలి, కనిగిరి పక్కల ఏ ఇంటిని బాగుచేయాలన్నా అక్కడే మొదలుపెట్టాలని నా నమ్మకం.

మన బోర్లలో ఫ్లోరైడ్ ఉందని పిల్లలకు కూడా తెలుసు. అది ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గారపట్టి, ఎముకలు, కీళ్లు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బు వస్తుంది. ఈ బాధ ఎప్పటిదో వినండి. 1930లలో రైతులు దీన్ని ముందు ఎద్దుల్లో చూశారు. కీళ్లు బిగుసుకుపోయి అవి అడుగు తీసి అడుగు వేయలేకపోయేవి. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు మనుషుల్లో ఈ జబ్బు గురించి వైద్య పత్రికలో రాశారు. అప్పట్లో మనది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంటే జిల్లా పేరు మారింది, తరాలు మారాయి, పిల్లల పళ్ల మీద గార మాత్రం పోలేదు. నాకు ఇది తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

నేల అడుగున ఉన్న రాళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాళ్ల సందుల్లో నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు పర్వాలేదని మన దేశపు ప్రమాణం. చాలామంది అమ్మలు బోరు నీళ్లు కాచి పిల్లలకు పడుతున్నారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదమ్మా. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మరి ఆర్వో మిషను? ఫ్లోరైడ్‌ను తీస్తుంది, నిజమే. వేరే మంచినీళ్లు లేని ఇంట్లో దాన్ని ఆపమని నేను అనను. కానీ దాని పక్కన సన్న గొట్టం ఒకటి ఉంటుంది, చూడండి. ఇంటి మిషన్లలో లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు ఆ గొట్టంలోంచి బయటికి పోతాయి. తీసేసిన ఫ్లోరైడ్ అంతా అందులోనే ఉంటుంది. అది పెరట్లో ఇంకి మళ్లీ నేలలోకే చేరుతుంది. పైగా ఆ నీళ్లన్నిటికీ బోరు మోటారు వేయాలి.

వాన నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మీది చిన్న మిద్దె, 50 చదరపు మీటర్లే అనుకోండి. ఏడాది పొడుగునా 400 మిల్లీమీటర్లే కురిసిందనుకోండి. 20 వేల లీటర్లు పడతాయి. ఆవిరయ్యేది, చిందేది పోగా 16 వేలు మిగులుతాయి. అయిదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు పాతిక లీటర్లు చాలు. ఏడాదికి సుమారు 9 వేలు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, వాయుగుండాలు వానలు తెస్తాయి. ఆ వానలకు 5 వేల లీటర్ల ట్యాంకు నిండితే 200 రోజులు వస్తాయి. ఎండాకాలం గట్టెక్కుతాం.

పని ఎలాగంటే, మిద్దె తూముకు పీవీసీ గొట్టం బిగించి, దాన్ని ట్యాంకు వైపు తిప్పేచోట ఇంగ్లీషు టీ (T) అక్షరంలా మూడు నోళ్లున్న టీ జాయింటు పెట్టాలి. టీ కింది కాలును మూతపెట్టిన చిన్న డ్రమ్ములోకి దించాలి. మొదటి వాన దుమ్మునీ కాకిరెట్టలనీ కడిగి తెస్తుంది. ఆ మురికి అంతా డ్రమ్ములోకి పోతుంది. మీ మిద్దెకు 50 నుంచి 100 లీటర్ల డ్రమ్ము సరిపోతుంది. అది నిండి గొట్టం దాకా వచ్చాక తేట నీళ్లు టీ పక్క దారిన ట్యాంకుకు వెళతాయి. డ్రమ్ము అడుగున చిన్న పంపు పెట్టి, వాన వెలిశాక ఖాళీ చేసుకోవాలి. ఈ పంపు తిప్పడం మర్చిపోతే కట్టిందంతా దండగే. అందుకే ఆ పని ఇంట్లో ఒకరికి అప్పగించండి. ట్యాంకుకు ముందు గులకరాళ్లు, బొగ్గు, ఇసుక వరసగా పోసిన తొట్టి ఉండాలి. ట్యాంకులోకి వెలుతురు పోతే పాచి పడుతుంది, సందు ఉంటే దోమ చేరుతుంది. గట్టి మూత, ప్రతి గొట్టం నోటికీ సన్న జాలీ తప్పనిసరి. తాగేముందు కాచుకోండి. ఈ నీళ్లను కాస్తే నిజంగా ఫలితం ఉంటుంది.

వాన నీళ్లు తాగితే జలుబు చేస్తుందని కొందరు అత్తమ్మలు భయపడతారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వాన నీళ్ల వల్ల రాదు. ఇనప రేకుల ఇళ్లవాళ్లూ నీళ్లు పట్టుకోవచ్చు, తుప్పు పట్టకుండా ఉంటే చాలు. పాతబడి పొడి రాలుతున్న సిమెంటు రేకుల నీళ్లు మాత్రం తాగడానికి వద్దు, మొక్కలకు వాడుకోండి. ట్యాంకు నిండాక పొర్లే నీళ్లను ఇంకుడు గుంతలోకి మళ్లించండి.

ఖర్చులో ఎక్కువ భాగం ట్యాంకుదే. సంఘంలో పొదుపు డబ్బులున్నాయి, అప్పు తీసుకునే అలవాటూ ఉంది. అందరూ ఒకేసారి కట్టలేకపోతే చంటిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్లకు మొదటి విడత ఇవ్వమని నా మనవి. పళ్లు, ఎముకలు ఏర్పడే వయసులో తాగిన నీళ్లే జీవితాంతం కనిపిస్తాయి. టేపు తెచ్చాను. భోజనాలయ్యాక ఈ వీధిలో ఆ ఇళ్ల మిద్దెలు కొలుద్దాం, ఎవరెవరు వస్తారో ఇప్పుడే పేర్లు చెప్పండమ్మా.