‘డేగ’ ఎలా దూకుతుంది?

హోస్ట్: వైజాగ్‌లో బాంబులంటే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది 1942 ఏప్రిల్ 6. మీ కామిక్‌లో హార్బర్ మీద దాడి అదేనా అన్నా?

గెస్ట్: కాదమ్మా. ఆ రోజు జపాన్ క్యారియర్, అంటే విమానాల్ని మోసే యుద్ధనౌక, ర్యూజో నుంచి వచ్చినవి డైవ్ బాంబర్లు కావు. డైవ్ బాంబరంటే ఏటవాలుగా కిందికి దూకి బాంబు వేసే విమానం. నా ‘డేగ’ అలాంటి విమానమే, కానీ కల్పితం, ఆ యుద్ధమూ కల్పితమే.

హోస్ట్: అయితే ఎంత స్పీడైనా పెట్టుకోవచ్చుగా?

గెస్ట్: పెడితే అది డైవ్ బాంబరే కాదు! దూకేటప్పుడు స్పీడు అదుపులో ఉండాలి, అందుకే రెక్కల దగ్గర బ్రేకులు. లేదంటే గురి కుదిరేలోపే సముద్రంలో ఉంటాడు. నాలుగు వేల మీటర్ల దగ్గర పైలట్ ముక్కు కిందికి వంచుతాడు. వెనక సీట్లో గన్నర్, మొహం ఆకాశానికేసి, ఎత్తు చదువుతుంటాడు. రెండు వేలు... వెయ్యి... ఆరొందలు, వదులు! బాంబు నేరుగా జారితే సొంత ప్రొపెల్లర్‌కే తగులుతుంది. అందుకని ఒక ఇనుప చట్రం దాన్ని ముందుకు ఊపి వదులుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో డైవ్ బాంబర్లైన జర్మన్ స్టూకాకీ, అమెరికన్ డాంట్‌లెస్‌కీ ఉండేదది. ఒక్క ఆ చట్రానికే రెండు పేజీలు గీశాను, ఎవరేమనుకున్నా సరే.

హోస్ట్: (నవ్వు) ఈలోపు ఓడ పక్కకి తప్పుకోదా?

గెస్ట్: బాగా పైనుంచి వేస్తే తప్పుకుంటుంది. ఆరొందల నుంచైతే కెప్టెన్‌కి మిగిలేది నాలుగైదు సెకన్లే. అసలు టెన్షన్ ఆ తర్వాత. పైకి లాగేటప్పుడు ఒంటి బరువు ఐదారు రెట్లవుతుంది, చూపు మసకబారుతుంది. తేరుకునేసరికి నీళ్లకి ఆనుకుని, ఒంటరిగా ఉంటాడు. శత్రు ఫైటర్లకి అంతకంటే ఏం కావాలి?

హోస్ట్: మనవాళ్లెవరైనా ఇలాంటివి నడిపారా?

గెస్ట్: నడిపారు. బర్మా పోరులో భారత వైమానిక దళం 7, 8 స్క్వాడ్రన్లకి వల్టీ వెంజెన్స్ డైవ్ బాంబర్లు ఉండేవి. నిట్టనిలువుగా దూకడానికి వీలుగా రెక్క అమర్చారు. దాంతో మామూలుగా ఎగిరేటప్పుడు ముక్కు పైకి లేచి, పైలట్‌కి ముందేముందో సరిగ్గా కనిపించేది కాదు. డేగకి ఆ రెక్కే పెట్టాను, ఆ అవస్థతో సహా.

హోస్ట్: మరి గెలుపెలా?

గెస్ట్: నీళ్లలోంచి ఓడవైపు దూసుకెళ్లే టార్పిడోలు వదిలే విమానాలు కిందుగా వెళ్తాయి. వాటికోసం శత్రు ఫైటర్లు కిందికి దిగితే పైన డైవ్ బాంబర్లకి దారి ఖాళీ. 1942 జూన్ 4న పసిఫిక్ సముద్రంలో మిడ్‌వే దగ్గర అలాగే జరిగింది. డాంట్‌లెస్‌లు నిమిషాల్లో మూడు జపాన్ క్యారియర్లని తగలబెట్టాయి. అక్కడది కలిసొచ్చింది. నా కథలో మాత్రం కమాండర్ కావాలనే టార్పిడో వాళ్లని ఎరగా పంపుతాడు.

హోస్ట్: వాళ్లకి చెప్పకుండానా?

గెస్ట్: చెప్పడు. కానీ డేగలో గన్నరే రేడియో కూడా చూసుకుంటాడు. వాడి చెవిన పడుతుంది.