బాణం ఎటు చూస్తోంది? కారు ఏసీ ఫిల్టర్ బిగించేటప్పుడు

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలి అన్న విషయాల్లో కారున్న వాళ్లు చాలామంది జాగ్రత్తగానే ఉంటారు. ఆ కారులో కూర్చుని మనం పీల్చే గాలి సంగతి మాత్రం అంతగా పట్టించుకోరు. ఆ గాలిని వడకట్టేది ఒక చిన్న ఫిల్టర్. క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ అంటారు, వాడుకలో ఏసీ ఫిల్టర్ అనేస్తాం. దగ్గర దగ్గరగా మడతలు పెట్టిన ఒక పలక, అంతే. దాన్ని మార్చడం చాలా కార్లలో పావుగంట పని. స్క్రూడ్రైవర్ కూడా అవసరం ఉండదు. పని ఇంత తేలిక కావడం వల్లనేమో, చేసేటప్పుడు తొందరపడతారు. ఫిల్టర్ తిరగబడుతుంది, లేదా సరిగ్గా కూర్చోకముందే మూత పడిపోతుంది. అలా పెట్టినా కారు నడుస్తుంది, ఏసీ వస్తుంది, ఏ లైటూ వెలగదు. ఫిల్టర్ తన పని పూర్తిగా చేయడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే ఈ చిన్న పని గురించి కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చేద్దాం. కారులో గాలి ఫిల్టర్లు రెండు ఉంటాయి. బానెట్ కింద పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది ఇంజన్‌ది. నేను చెబుతున్నది లోపల కూర్చునే మనుషులది. సర్వీసింగ్ బిల్లులో 'ఎయిర్ ఫిల్టర్ మార్చాం' అని రాసి ఉంటే, ఈ రెండింటిలో ఏదని అడగడం మంచిది. పెట్రోలు, డీజిలు లేని ఎలక్ట్రిక్ కారుకు ఇంజన్ ఫిల్టర్ ఉండదు కానీ, క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది.

ఇక గాలి ఏ దారిన వస్తుందో చూద్దాం. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూడండి, బయటి గాలి అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. దిగిన చోట ఒక చిన్న తలుపు ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ మీద గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్ నొక్కితే ఆ తలుపు బయటి గాలిని ఆపేసి, కారు లోపలి గాలినే మళ్లీ తిప్పుతుంది. ఆ తర్వాత ఫిల్టర్, ఫ్యాన్, చివరికి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్. కొన్ని కార్లలో ఫిల్టర్ ఫ్యాన్‌కి ముందుంటుంది, కొన్నింట్లో ఫ్యాన్‌కీ కాయిల్‌కీ మధ్య ఉంటుంది. ఎలా చూసినా కాయిల్‌కి ముందే. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. ఏసీ వేసినప్పుడు ఆ కాయిల్ ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఫిల్టర్ లేకపోయినా, ఫిల్టర్ పక్కనుంచి గాలి తప్పించుకున్నా, దుమ్మంతా వెళ్లి ఆ తడికి అతుక్కుంటుంది. బూజు పట్టడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. దాన్ని బాగా శుభ్రం చేయాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ విప్పాల్సిందే. కొత్త ఫిల్టర్ కొనేదాకా పాతది తీసేసి నడుపుదాం అనుకునేవాళ్లు దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

కారులోకి వచ్చే గాలిని వడకట్టాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో నాష్ కంపెనీ 1938 మోడల్ కార్లలో బయటి గాలిని తీసుకుని, వడకట్టి, వేడి చేసి లోపలికి పంపే ఏర్పాటు పెట్టింది. ఇప్పటి ఫిల్టర్ అప్పటికంటే చాలా నేర్పుగా పనిచేస్తుంది. చూడటానికి ఒకే మందపాటి కాగితంలా ఉంటుంది కానీ, చాలా ఫిల్టర్లు పొరలు పొరలుగా ఉంటాయి. గాలి ముందుగా తగిలే పొర కాస్త వదులుగా ఉండి, ఆకు ముక్కలు, పురుగులు, ముతక దుమ్ము ఆపుతుంది. దాని వెనక సన్నటి పీచు పొర. దానికి తయారీలోనే విద్యుదావేశం ఇస్తారు. పీచుల మధ్య సందులోంచి దూరిపోగల సన్నటి కణాలు కూడా ఆ ఆవేశం వల్ల పీచుకు అతుక్కుంటాయి. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే పీఎం 2.5 కణాల పరిమాణం 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ. కంటికి కనబడని ఆ కణాల పని పట్టాల్సింది ఈ పొరే. కార్బన్ ఫిల్టర్ అయితే వాసనలను, కొన్ని వాయువులను పట్టుకునే బొగ్గు పొర కూడా ఉంటుంది. శుభ్రమైన గాలి బయటికి వచ్చే వైపున, మడతలు వంగిపోకుండా పట్టి ఉంచే గట్టి పొర ఉండే రకాలూ ఉన్నాయి.

ఇప్పుడు ఈ ఫిల్టర్‌ని తిరగేసి పెట్టామనుకోండి. ముతక దుమ్ము నేరుగా సన్నటి పొర మీద పడుతుంది. అది త్వరగా మూసుకుపోతుంది. వెనక ఆసరాగా ఉండాల్సిన పొర ముందుకు వచ్చేస్తుంది కాబట్టి గాలి ఒత్తిడికి మడతలు వంగే అవకాశం ఉంది. అన్ని ఫిల్టర్లకూ ఇది ఒకేలా వర్తించదు. రెండు వైపులా ఒకేలా ఉండే మామూలు రకం తిరగబడితే పెద్ద నష్టం లేదు. కానీ మన చేతిలో ఉన్నది ఏ రకమో చూపుతో చెప్పడం కష్టం, సరిగ్గా పెట్టడానికి అదనంగా పట్టే శ్రమేమీ లేదు.

కొత్త ఫిల్టర్‌ని డబ్బాలోంచి తీయగానే అంచు చూడండి. చాలావాటి మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. చిక్కంతా ఈ బాణంతోనే. అన్ని బాణాలూ ఒకే మాట చెప్పవు. పక్కన 'ఎయిర్ ఫ్లో' అని ఉంటే ఆ బాణం గాలి వెళ్లే దిక్కు చూపిస్తోంది. 'అప్' అని ఉంటే దానికి గాలితో సంబంధం లేదు, ఈ వైపు పైకి ఉండాలి అని మాత్రమే చెబుతోంది. గ్లవ్ బాక్స్ వెనక ఫిల్టర్ పడుకోబెట్టినట్టు ఉండే కార్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా గాలి పైనుంచి కిందికి దిగుతుంది. అలాంటి కారులో 'అప్' బాణం పైకి చూడాలి, 'ఎయిర్ ఫ్లో' బాణం కిందికి చూడాలి. కారు అదే, గూడు అదే, ఫిల్టర్ కంపెనీ మారేసరికి బాణం తలకిందులైంది! పాత ఫిల్టర్ బాణం ఎటుందో చూసి కొత్తదాన్నీ అలాగే పెట్టేవాళ్లు పొరబడేది ఇక్కడే. బాణాన్ని మాత్రమే చూస్తే చాలదు, దాని పక్కన ఏం రాసి ఉందో కూడా చదవాలి.

మరి మన కారులో గాలి ఎటు వెళుతుందో తెలిసేదెలా? కారుతో ఇచ్చిన మాన్యువల్ చూడటం మొదటి దారి. అది లేకపోతే పాత ఫిల్టర్‌నే అడగండి. దాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక వైపు మడతల లోతుల్లో ఎండుటాకుల పొడి, దోమ రెక్కలు, గాలికి ఎగిరొచ్చిన దూది గింజలు, వాటి మీద బూడిద రంగు మెత్తటి దుమ్ము ఉంటాయి. రెండో వైపు అంతకంటే చాలా తెల్లగా ఉంటుంది. మురికిగా ఉన్న వైపు నుంచి గాలి వచ్చింది, తెల్లగా ఉన్న వైపు నుంచి బయటికి వెళ్లింది. పాత ఫిల్టర్‌ని ఎవరైనా తిరగేసి పెట్టి ఉన్నా సరే, ఈ మురికి గుర్తు తప్పదు. ఎందుకంటే బాణం ఎలా ఉన్నా దుమ్ము గాలి వచ్చే వైపే పడుతుంది. అందుకే పాతది బయటికి లాగేటప్పుడే ఏ వైపు పైకి ఉందో, లేదా నిలువుగా ఉంటే ఏ వైపు డోర్ పక్కకు ఉందో చూసుకోవాలి. ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది. ఖాళీ గూట్లోకి టార్చ్ వేసి చూడటం ఇంకో దారి. కింద గుండ్రటి ఫ్యాన్ కనబడితే గాలి కిందికే వెళుతోందని అర్థం.

ఇక చేతి పని. ఇగ్నిషన్ ఆఫ్ చేయండి, ఏసీ ఫ్యాన్ ఆగిపోయి ఉండాలి. గ్లవ్ బాక్స్‌లో ఉన్న కాగితాలు, వస్తువులు అన్నీ బయట పెట్టండి. చాలా కార్లలో దాని ఒక పక్క సన్నటి తీగ లాంటి ఆసరా ఒకటి ఉంటుంది, మూత దభీమని పడకుండా ఆపేది అదే. దాన్ని మెల్లగా కొక్కెం నుంచి తప్పించాలి. తర్వాత గ్లవ్ బాక్స్ రెండు పక్క గోడలనూ రెండు చేతులతో లోపలికి నొక్కితే, అడ్డుపడే బొడిపెలు తప్పుకుని అది పూర్తిగా కిందికి వాలుతుంది. వెనక అడ్డంగా ఒక పొడవాటి ప్లాస్టిక్ మూత కనబడుతుంది. రెండు చివర్లా ఉన్న క్లిప్పులు నొక్కితే ఊడి వస్తుంది. చుట్టుపక్కల ఉన్న వైర్ల జోలికి మాత్రం వెళ్లకండి, పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కొన్ని కార్లలో ఫిల్టర్ బానెట్ ఎత్తితే అద్దం కింద దొరుకుతుంది, ఇంకొన్నింట్లో డ్యాష్‌బోర్డ్ కింద కాళ్ల దగ్గర ఉంటుంది. బలం వాడాల్సి వస్తోందంటే మీ కారు పద్ధతి వేరని అర్థం చేసుకుని ఆగండి.

పాత ఫిల్టర్‌ని నిదానంగా, వంచకుండా లాగండి. గబుక్కున లాగితే మడతల్లో ఉన్న చెత్త ఫ్యాన్ మీద పడుతుంది. తర్వాత ఫ్యాన్ వేసినప్పుడల్లా టకటకమని చప్పుడు వస్తుంటే, ఒక ఎండుటాకు ముక్క దాని రెక్కల మధ్య చిక్కుకుని ఉండొచ్చు. గూట్లో దుమ్ము ఉంటే వాక్యూమ్‌తో తీయండి, లేదంటే పొడి గుడ్డతో తుడవండి. గాలి మాత్రం ఊదొద్దు, దుమ్ము నేరుగా కాయిల్ మీదికి పోతుంది.

కొత్తది పెట్టేటప్పుడు దాని అంచుల మీద దృష్టి పెట్టండి. నీరు పల్లమెరుగు అంటారు. గాలికి సందు తెలుసు. మడతల్లోంచి దూరడం కష్టం, పక్కన సందు ఉంటే అటే వెళుతుంది. వేలెడు పొడవు సందు చాలు, ఎంత మంచి ఫిల్టరైనా దాని ముందు దండగే. అందుకే మోడల్‌కు సరిపోయే కొలత ఉన్నదే కొనాలి. కాస్త చిన్నదైనా సర్దుకుంటుందిలే అనుకోకూడదు, కాస్త పెద్దదాన్ని నొక్కి దూర్చకూడదు. నొక్కితే మూలలు మడతపడి అక్కడే సందు పడుతుంది. లోపలికి పూర్తిగా వెళ్లాక చివరి అంచు గూటి అంచుతో సమంగా ఉందా, వేలితో తడిమి చూడండి. ఒక మూల ముందుకు పొడుచుకొచ్చి ఉంటే బయటికి తీసి మళ్లీ పెట్టండి. కొన్ని కార్లకు ఫిల్టర్ రెండు ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్కను పెట్టి పక్కకు జరిపితేనే రెండోదానికి చోటు దొరుకుతుంది. మూత వేసినప్పుడు రెండు చివర్లా టిక్‌మని శబ్దం రావాలి. రాకపోతే మూతను తిట్టుకోకండి, చాలాసార్లు లోపల ఫిల్టరే సరిగ్గా కూర్చుని ఉండదు. అన్నీ అమర్చాక ఫ్యాన్‌ని ఎక్కువ స్పీడ్‌లో పెట్టి వినండి. ఈల వేసినట్టు సన్నటి శబ్దం వస్తే ఎక్కడో సందు ఉన్నట్టే.

పాత ఫిల్టర్‌ని కడిగి వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కడిగి వాడుకోవచ్చని దాని మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప, వద్దు. కడిగితే ఇందాక చెప్పిన విద్యుదావేశం తగ్గిపోవచ్చు, దాంతో సన్నటి కణాలను పట్టే శక్తి కూడా తగ్గుతుంది. లోపల తడి మిగిలితే బూజు కూడా పడుతుంది. కొట్టి దులపడం వల్ల పైనున్న ఆకులు రాలతాయి కానీ, పొర లోపలికి ఇంకిన దుమ్ము రాదు.

ఎన్నాళ్లకు మార్చాలి? చాలా కంపెనీలు 15,000 నుంచి 30,000 కిలోమీటర్ల మధ్యలో ఒక అంకె చెబుతాయి, లేదా ఏడాదికోసారి అంటాయి. మీ మాన్యువల్ చెప్పిందే మీకు లెక్క. దుమ్ము దారుల్లో తిరిగే కారుకు అంతకంటే ముందే చూడాలి. ఫ్యాన్ ఎక్కువ స్పీడ్‌లో పెట్టినా గాలి సరిగ్గా రాకపోవడం, అద్దాల మీద పట్టిన మంచు త్వరగా పోకపోవడం, లోపల ముక్కిన వాసన రావడం ఫిల్టర్ మూసుకుపోయిందనడానికి గుర్తులు. మూసుకుపోయిన ఫిల్టర్‌తో అలాగే నడిపితే, తగినంత గాలి ఆడక కూలింగ్ కాయిల్ మీద ఐసు కట్టవచ్చు. ఫ్యాన్ స్పీడ్‌ని నియంత్రించే భాగం చల్లబడేది కూడా ఆ గాలితోనే. అది కాలిపోయే ప్రమాదమూ ఉంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. కార్బన్ ఫిల్టర్ ఉన్నా, ఎంత ఖరీదైనదైనా, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి, ఏసీ వేసుకుని కూర్చోవద్దు. పిల్లల్ని అలా అస్సలు కూర్చోబెట్టొద్దు.

మీరే మార్చుకోలేని పరిస్థితి ఉంటే, వర్క్‌షాప్‌లో ఇచ్చేటప్పుడే పాత ఫిల్టర్ నాకు చూపించండి అని అడగండి. అది చేతికి వచ్చాక మురికి వైపు ఏదో చూడండి. కొత్తదాని మూత వేసేముందు బాణం పక్కన ఏం రాసి ఉందో చదివి, రెండూ సరిపోతున్నాయా అని అక్కడే నిలబడి చూసుకోండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు, పెద్దవాళ్లు ఆ కారులో తిరుగుతుంటే ఇది మరీ అవసరం. కొత్త ఫిల్టర్ అంచు మీద తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు పెన్నుతో రాయించండి, తర్వాతిసారి ఎప్పుడు మార్చాలో లెక్క తేలుతుంది. నమస్కారం.