పింక్ సాల్మన్ సీజన్‌లో నది ఒడ్డున ఎలా నిలబడాలి

[తెల్లవారుజాము. మోకాలి లోతు నీళ్ళలో వరుసగా నిలబడ్డ మనుషులు. మాటలు లేవు, రీళ్ళు తిరిగే చప్పుడు మాత్రమే.]

నమస్తే అండీ. మీరు చూస్తున్నది వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యుయాలప్ నది. రెయినియర్ మంచుకొండ మీద పుట్టి, టకోమా దగ్గర సముద్రంలో కలుస్తుంది. హిమానీనదాల నీళ్ళు కాబట్టి చూడండి, బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. ఏడాదంతా ఈ ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. బేసి సంవత్సరం ఆగస్టు, సెప్టెంబరు వచ్చాయంటే మాత్రం సముద్రంలోంచి పింక్ సాల్మన్ చేపలు ఎదురీది వస్తాయి, ఇక ఒడ్డున జాతరే.

బేసి సంవత్సరమే ఎందుకంటే, పింక్ సాల్మన్ ఆయుష్షు సరిగ్గా రెండేళ్ళు. 2023లో ఈ నదిలో పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రానికి వెళ్ళి, పెరిగి, 2025లో తిరిగొచ్చాయి. వాటి పిల్లలు 2027లో వస్తాయి. సరి సంవత్సరాల్లో ఈ ప్రాంతపు నదుల్లో పింక్‌లు దాదాపు కనిపించవు. చేప చిన్నది, సాధారణంగా రెండు కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. గులాబీ రంగు జిగ్, అంటే సీసపు తల ఉన్న గాలం, వేస్తే చాలు, పట్టుకుంటుంది. అందుకే సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు నాకు తెలిసిన మనవాళ్ళు చాలామంది మొదటిసారి రాడ్ పట్టుకునేది పింక్ సీజన్‌లోనే.

నేనూ అలాగే మొదలుపెట్టాను. లైసెన్స్ ఉంది, రాడ్ ఉంది, ఉత్సాహం ఉంది. ఇద్దరి మధ్య ఖాళీ కనిపిస్తే వెళ్ళి నిలబడి గాలం విసిరాను. నా లైన్ పక్కాయన లైన్ మీద అడ్డంగా పడింది. సరిగ్గా అప్పుడే ఆయన గాలానికి చేప తగిలింది. రెండు లైన్లూ మెలికపడ్డాయి, చేప తెంచుకుపోయింది. ఆయనది పెద్ద వయసు. నన్ను ఒక్క మాట అనలేదు. చలికి ఎర్రబడ్డ వేళ్ళతో ఆ చిక్కంతా ఓపిగ్గా విప్పి, నా గాలం నా చేతికిచ్చి, "ముందు నా లైన్ ఎటు పోతోందో చూడు, తర్వాత నీది వెయ్యి" అన్నారు.

ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ మాట నుంచి వచ్చిందే.

[పై నుంచి తీసిన దృశ్యం: పదిమంది, పది లైన్లు, అన్నీ ఒకే ఏటవాలులో.]

వరినాట్లు చూసే ఉంటారు కదా. కూలీలు వరుసగా నిలబడి, ఒకే వేగంతో వెనక్కి జరుగుతూ నాటుతారు. ఒక్కరు తొందరపడినా, ఒక్కరు ఆగినా వరుస చెడుతుంది. ఇక్కడా అంతే. ఎదురుగా నేరుగానో, కొంచెం ఎగువకో విసురుతారు. ప్రవాహం గాలాన్ని దిగువకు తీసుకెళ్తుంది. లైన్ దిగువకు ఏటవాలుగా వచ్చేసరికి చుట్టేసి మళ్ళీ విసురుతారు. అందరూ దాదాపు ఒకే సమయానికి, ఒకే దిక్కుకు విసిరితే పది లైన్లూ ఒకదాన్నొకటి తాకకుండా సాగుతాయి. మీరు ఒక్కరే బాగా దిగువకు విసిరి అలా వదిలేశారనుకోండి, మీ కింద ఉన్న ముగ్గురి లైన్లు వచ్చి మీ దానికి చుట్టుకుంటాయి.

కాబట్టి వెళ్ళగానే నీళ్ళలోకి దిగకండి. ఐదు నిమిషాలు ఒడ్డునే ఆగి చూడండి. వాళ్ళు ఎంత బరువు సీసం కట్టారు? బెండు వేస్తున్నారా, ఉత్త జిగ్ లాగుతున్నారా? బరువు ఎక్కువైతే మీ గాలం అడుగుకి చేరి అక్కడే ఆగిపోతుంది, తేలికైతే కొట్టుకుపోతుంది. వరుసలో ఉన్నవాళ్ళకి దగ్గరగా ఉండే బరువే కట్టుకోండి. ఎరను అడుగున పెట్టి, రాడ్ స్టాండుకి ఆనించి కూర్చుని పట్టడం కూడా మంచి పద్ధతే, కాకపోతే దానికి వేరే చోటు వెతుక్కోవాలి.

ఆ తర్వాత అడగండి. "ఇక్కడ నిలబడొచ్చా?" అంటే చాలు. అటూ ఇటూ కనీసం ఒక రాడ్ పొడవు లేకపోతే అది ఖాళీ కాదు. వద్దంటే ఇంకో చోటు చూసుకోవడమే. అడిగినవాళ్ళకి చాలాసార్లు చోటు దొరుకుతుంది. పైగా ఏ రంగు జిగ్‌కి పడుతున్నాయో కూడా వాళ్ళే చెప్తారు.

ఇంకో పొరపాటు, లోతుకి దిగడం. అందరూ మోకాలి దాకా నిలబడితే కొత్తగా వచ్చినవాళ్ళు నడుం దాకా వెళ్ళిపోతారు. పింక్‌లు తరచుగా ఒడ్డు పక్కన తక్కువ లోతులోనే ఎదురీదుతాయి. మీరు నిలబడ్డది వాటి దారిలోనే! మీకూ చేప పడదు, పక్కవాళ్ళకీ పడదు. పైగా మంచు కరిగిన నీళ్ళు, కాలు జారితే ప్రాణాపాయం. వేడర్లు, అంటే ఒళ్ళు తడవకుండా వేసుకునే బూట్ల ప్యాంట్లు, వేసుకుంటే నడుముకి బెల్ట్ బిగించాల్సిందే.

[ఎవరో "ఫిష్ ఆన్!" అని అరుస్తారు. పక్కవాళ్ళు చకచకా లైన్లు చుట్టేస్తారు.]

ఈ కేక గుర్తుపెట్టుకోండి. గాలానికి చేప తగిలిందని అర్థం. మీ పక్కన వినిపిస్తే, మీ గాలం ఎక్కడున్నా సరే వెంటనే చుట్టేయండి. చేప తగిలింది మీకే అయితే గట్టిగా అరవండి, మొహమాటం వద్దు. చేపను వరుసకి అడ్డంగా పరిగెత్తనివ్వకుండా, మీరే ఒడ్డు వైపు వెనక్కి నడుస్తూ త్వరగా లాగేయండి. సన్నని లైన్‌తో పావుగంట ఆడించడం ఏకాంతంగా ఉన్నప్పుడు సరదాగా ఉంటుందేమో గానీ, ఇక్కడ అంతసేపూ పదిమంది చేతులు కట్టుకుని నిలబడాలి. గట్టి లైన్ వేసుకోండి. చేప సంగతి చూసుకుని మీరు తిరిగొచ్చేదాకా మీ చోటు మీదే, ఎవరూ వచ్చి నిలబడరు. మీరూ ఇంకొకరి చోటు అలాగే కాపాడాలి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. నీళ్ళు మసకగా ఉంటాయి, చేపలు గుంపులుగా ఉంటాయి. కొందరు గాలం వేసి జర్రున గుంజుతూ ఉంటారు, ఎక్కడో ఒకచోట గుచ్చుకోకపోతుందా అని. దీన్ని స్నాగింగ్ అంటారు, ఇది నేరం. పొట్టకో తోకకో గుచ్చుకున్న చేపను వదిలేయాలి. అలా గుచ్చుకుని వదిలిన చేప పైదాకా వెళ్ళి గుడ్లు పెడుతుందో లేదో! ఏడాదికి పైగా సముద్రమంతా తిరిగి, మంచినీళ్ళలోకి వచ్చాక తిండి మానేసి, ఒంట్లో ఉన్న బలంతోనే ఎదురీదే ప్రాణి అది. దయచేసి ఆ పని చేయకండి.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఏటికి ఎదురీదే చేప విలువ ఒకరు చెప్పక్కర్లేదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మనదే కదా. పులస కూడా సముద్రంలోంచి వరద నీటికి ఎదురీది వచ్చి గుడ్లు పెడుతుంది. అయితే పులస మళ్ళీ సముద్రానికి తిరిగి వెళ్ళగలదు. పింక్ సాల్మన్‌కి ఆ అవకాశం లేదు. గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది.

రూల్స్ విషయానికి వస్తే, పదిహేనేళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ కావాలి. పట్టిన సాల్మన్‌ను అక్కడికక్కడే క్యాచ్ కార్డులో రాయాలి, ఇంటికెళ్ళి కాదు. చాలా నదుల్లో కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలమే వాడాలి, పట్టకారుతో ఆ ముల్లుని నొక్కేస్తే సరిపోతుంది. రూల్స్ సీజన్ మధ్యలో కూడా మారుతుంటాయి, అందుకే బయల్దేరే రోజు పొద్దున రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైట్ చూడండి.

[నదికి అడ్డంగా వల. దాని పక్కన చిన్న పడవ.]

"మనకి రాడ్ ఒక్కటే, వీళ్ళకి వల ఎందుకు?" అని ఒడ్డున అడిగేవాళ్ళుంటారు. ఇది అమెరికా ఆదివాసులైన ప్యుయాలప్ తెగవాళ్ళ నది. 1854లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న మెడిసిన్ క్రీక్ ఒప్పందంలో వాళ్ళు భూమి వదులుకున్నారు, తాతల నాటి చోట్ల చేపలు పట్టే హక్కు మాత్రం ఉంచుకున్నారు. మిగతా పౌరులతో ఉమ్మడిగా పట్టుకుంటామన్నది అందులోని మాట. వందేళ్ళ తర్వాత రాష్ట్రం ఆ మాటని పక్కనపెట్టి వాళ్ళని అరెస్టులు చేసింది. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ని యాభైసార్లకు పైగా పట్టుకెళ్ళారు. 1970 సెప్టెంబరులో ఇదే నది ఒడ్డున తెగవాళ్ళ శిబిరం మీద పోలీసులు టియర్ గ్యాస్‌తో విరుచుకుపడ్డారు. చివరికి 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చారు, ఉమ్మడిగా అంటే పట్టదగ్గ చేపల్లో సగం వరకూ తెగల వాటా అని. తెగలు వలలు వేసే రోజుల్లో మన గాలాలకి నదిని మూసేయడం కూడా ఉంటుంది. వల దగ్గరకి వెళ్ళకండి, ముట్టుకోకండి, దాని మీదుగా గాలం విసరకండి. అది వాళ్ళ హక్కు, వాళ్ళు దెబ్బలు తిని నిలబెట్టుకున్న హక్కు.

[దగ్గర్నుంచి: నీళ్ళలోనే ఉన్న చేప వీపు. తోకకి ముందు, వీపు మీద చిటికెన వేలి కొనంత కండ రెక్క.]

పింక్‌ల మధ్య షినూక్, కోహో అనే వేరే రకాల సాల్మన్ కూడా తగులుతాయి. ఈ చిన్న రెక్కని అడిపోజ్ అంటారు. హాచరీల్లో పెంచిన పిల్లలకి వదిలేముందు చాలావరకు దీన్ని కత్తిరిస్తారు. రెక్క ఉన్నదాన్ని, లేనిదాన్ని ఉంచుకోవచ్చా అన్నది నదిని బట్టి, చేప జాతిని బట్టి మారుతుంది. వదలాల్సిన సాల్మన్‌ని నీళ్ళలోంచి పూర్తిగా పైకి ఎత్తకూడదు, ఫోటో కోసం కూడా. చెయ్యి తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. మొప్పల్లో వేలు పెట్టకండి. గాలం తీశాక తలని ప్రవాహానికి ఎదురుగా ఉంచి పట్టుకోండి. తోక తనంతట తాను ఊపి మీ చేతిలోంచి జారిపోయేదాకా ఆగండి.

ఇంటికి తీసుకెళ్ళేదాన్ని వెంటనే తల మీద కొట్టి చంపేసి, మొప్ప కోసి, నెత్తురు కార్చి, ఐసులో పెట్టండి. పింక్ మాంసం మెత్తన, తాడుకి కట్టి గంటలకొద్దీ నీళ్ళలో వేలాడదీస్తే పులుసులో చెదిరిపోతుంది. రోజుకి ఇన్ని చేపలే అన్న లిమిట్ అయిందా, రాడ్ సర్దేసి, మీ వెనకాల ఒడ్డున ఎదురుచూస్తున్నవాళ్ళకి చోటివ్వండి. తెగిన లైన్ ముక్కలు జేబులో వేసుకోండి, పక్షుల కాళ్ళకి చుట్టుకుంటాయి.

చివరిగా ఒక్కటి. అక్టోబరు దగ్గరపడ్డాక ఎగువన తేట నీళ్ళున్న చిన్న ఏర్లలో నడవాల్సి వస్తే కింద చూసుకుంటూ నడవండి. చుట్టూ రాళ్ళు నాచుపట్టి నల్లగా ఉంటాయి. మధ్యలో ఒకచోట మాత్రం కడిగి ఆరబోసినట్టు తెల్లటి గులకరాళ్ళు కనిపిస్తాయి. ఆడచేప పక్కకి ఒరిగి, తోకతో కొట్టి కొట్టి తవ్విన గూడు అది, దాని కిందే గుడ్లుంటాయి. పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళండి.

[తేట నీళ్ళు. తెల్లటి గులకరాళ్ళు. తోక అరిగిపోయిన ఆడచేప ఒకటి వాటి మీదే నిలిచి ఉంటుంది.]